మా అత్త కొనని కారు

నేను కామేశ్‌ని పెళ్ళి చేసుకుని ఆ ఇంటికి వచ్చేసరికే ఈ కథ సగం జరిగిపోయింది. ఆ సగాన్ని నాకు మొదట చెప్పింది మా అత్త కాదు, చుట్టుపక్కల వాళ్ళు. ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క చెప్పారు. అన్నీ విన్నాక ఒకరోజు, చేపలు కోస్తున్న అత్త పక్కన పీట వేసుకుని కూర్చుని అడిగాను. ఆవిడ కత్తిపీట మీంచి తల ఎత్తకుండా మొదటినుంచి చివరిదాకా చెప్పింది. గొంతు ఎక్కడా పెరగలేదు. అందుకే నాకు భయం వేసింది.

అత్త పేరు మంగమ్మ. కవిటి కొబ్బరితోటలు దాటి సముద్రం వైపు పోతే ఇసుకదారి చివర వచ్చే ఊరు మాది. ఊళ్ళో మగవాళ్ళు వేటకి పోతారు, లేదంటే గుజరాత్ వెళ్ళి వెరావల్ బోట్లలో పనిచేస్తారు. కామేశ్ అక్కడే ఉంటాడు. మా మామ సన్యాసయ్య కూడా ఒకప్పుడు తెప్ప తోలిన మనిషే. మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు వచ్చింది. సముద్రం మానేశాడు. ఇంటిని నడిపింది అత్తే. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని కవిటి, సోంపేట సంతల్లో అమ్మేది.

మామకి ఒక్కడే తమ్ముడు, రాజేంద్ర. అతను చిన్నప్పుడే వల వదిలేసి రొయ్యల వ్యాపారంలో దిగాడు. చెరువులు తవ్వించాడు, బాగా కలిసొచ్చింది. ఊళ్ళో మొదటి మేడ అతనిది, మొదటి పెద్ద కారు కూడా అతనిదే. ఏడుగురు కూర్చునే నల్ల కారు. అది ఇసుకదారిలో వస్తుంటే వలలు అల్లేవాళ్ళు వలలు జరుపుకునేవాళ్ళు.

తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు ఒక పొద్దున మామకి ఊపిరి అందలేదు. కాళ్ళూ ముఖమూ పొంగిపోయాయి. అత్త తడిచీర మీదే పరుగెత్తుకుంటూ రాజేంద్ర గేటు దగ్గరికి వెళ్ళింది. అతను కారు తుడిపిస్తున్నాడు.

"రాజేంద్రా, మీ అన్నకి ఊపిరి ఆడ్డం నేదు. బండి తియ్యి, పలాస పోవాల," అంది.

అతను కారు వైపు చూసి, అత్త వైపు చూసి, "ఆటో మాట్టాడుకో వొదినా. రేపు సంబంధమోల్లు ఈ కారులోనే రావాల. కొత్త సీట్లు ఏయించినాను. అన్న వాంతి సేసుకుంటే ఆ వాసన ఇంక పోదు," అన్నాడు.

అత్త మళ్ళీ అడిగింది. చేతులు జోడించి అడిగింది. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళూ, అరుగు మీద వలలు బాగుచేసుకునే మగవాళ్ళూ చూస్తూనే ఉన్నారు. అతని భార్య హేమలత తలుపు చాటున నిలబడింది. గేటు తెరుచుకోలేదు.

ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. మామ తల అత్త ఒడిలో ఉంది. ఆయనకి సగం స్పృహ లేదు. జలంత్రకోట దగ్గర హైవే ఎక్కే చోట ఆయన నిజంగానే వాంతి చేసుకున్నాడు. ఆటో ఆపారు. అత్త ఆయన్ని పట్టుకుని రోడ్డు పక్కన వంచి, వీపు రాస్తోంది. అప్పుడే ఆ నల్ల కారు వచ్చింది. నడుపుతున్నది రాజేంద్రే. లోపల ఇంకెవరూ లేరు. మర్నాటి ఫంక్షన్‌కి పూలు చెప్పడానికి అతనూ పలాసే పోతున్నాడు. వీళ్ళని చూశాడు. చూసి ముఖం తిప్పుకుని, అద్దం పైకెత్తుకుని, అదే రోడ్డులో ముందుకి పోయాడు.

"ఖాళీ కారు," అంది అత్త నాతో, చేప కడుపు చీరుతూ. "అన్నీ ఖాళీ సీట్లే."

మామ బతికాడు. ఆ రోజునుంచి డయాలసిస్ మొదలైంది. అత్త మాత్రం ఆ రోడ్డు పక్కనే ఉండిపోయిందేమో అని నాకు చాలాసార్లు అనిపించేది.

నెల తిరక్కుండా ఆవిడ తన చీటీ పాడేసింది. ఆ డబ్బుతో టెక్కలిలో ఒక ఆఫీసు గుమాస్తా దగ్గర తెల్ల రంగు చిన్న కారు కొంది. అప్పటికే అది వాడకంలో నలిగిన బండి. కాశీబుగ్గ వెళ్ళి నడపడం నేర్చుకుంది. నేర్పేవాడు "ఈ వయసులో నీకు ఎందుకమ్మా" అంటే, "పగ ఉంది బాబూ" అందట. వాడు నవ్వాడట. ఆవిడ నవ్వలేదు.

అప్పటినుంచి డయాలసిస్ ఉన్న పొద్దుల్లో మామని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడే పలాస తీసుకెళ్ళేది. దారి రాజేంద్ర మేడ ముందునుంచే. ఆ గేటు దగ్గరకి రాగానే హారన్ మీద చెయ్యి పెట్టి, గేటు దాటేదాకా తియ్యదు. ఎండా వానా లేదు, పండగా పబ్బం లేదు. మొదట్లో జనం నవ్వారు, తరువాత అలవాటు పడ్డారు. రాజేంద్ర ఒక్కసారి కూడా బయటికి వచ్చి అడగలేదు. అతని కూతురి పెళ్ళికి పెట్టిన చీరని అత్త, తెచ్చిన వాళ్ళ పనిమనిషి చేతే తిప్పి పంపించింది. అతని ఇంటికి చేపలు అమ్మేది కాదు. బుట్టలో మిగిలిపోయి పాడైనా సరే.

నేను టెక్కలి పిల్లని. కవిటిలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. మాది గట్టిగా మాట్లాడి సాయంత్రానికి మర్చిపోయే ఇల్లు. ఇలాంటి కోపాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఆ కోపం రోజూ పొద్దున్నే లేచి, స్నానం చేసి, బండి తీసేది.

ఈ మధ్య ఆ తెల్ల కారుకి ముసలితనం వచ్చింది. సముద్రం గాలికి అడుగు రేకు తినేసింది. వెనక సీటు కింద కాళ్ళ పట్టా ఎత్తితే రోడ్డు కనిపించేది. వానాకాలంలో లోపలికి నీళ్ళు చిమ్మేవి. ఒకసారి హరిపురం దాటాక బ్రేకు సగం మాత్రమే పడింది. అత్త గేరు తగ్గించుకుంటూ ఎలాగో పక్కకి ఆపింది. పైగా బండికి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. మళ్ళీ రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ పాస్ కావాలి. ఆ అడుగు రేకుతో అది పాస్ అయ్యే బండి కాదు.

లెక్క చూసే పని నా మీద పడింది. కాశీబుగ్గలో రెండు షెడ్లలో అడిగాను. రేకు వెల్డింగ్, బ్రేకులు, టైర్లు, రంగు అన్నీ కలిపితే బండి ఖరీదుకి దగ్గర దగ్గరగా వచ్చింది. అంత పెట్టినా ఇంకో ఏడాదికి మళ్ళీ ఏదో ఒకటి పోతుందని వాళ్ళే చెప్పారు. కొత్తది వాయిదాల మీద తీసుకోవచ్చు, కానీ నెల తిరిగేసరికి కట్టాలి. కామేశ్‌కి చేతికి డబ్బు వచ్చేది బోటు సీజన్ ముగిశాకే. మధ్యలో మామకి ఏదైనా అయితే మందులు చూసుకోవాలా, వాయిదా చూసుకోవాలా. ఆటోలు మాట్లాడుకుందామా అంటే, డయాలసిస్ అయ్యాక నీరసంతో ఉన్న మనిషి అంత దూరం ఆటోలో కుదుపులు తట్టుకోలేడు.

కామేశ్ ఫోన్‌లో, "రెండు లచ్చల లోపల మంచి సెకండ్ హ్యాండ్ సూడు ప్రియా. పెద్దది వొద్దు. నాన్న ఎక్కడానికి దిగడానికి వీలుండాల, అంతే," అన్నాడు.

నాకూ అదే సబబు అనిపించింది. కోటబొమ్మాళిలో ఒక రిటైరైన హెడ్మాస్టరు తన చిన్న కారు అమ్ముతున్నాడని మా స్కూల్లో టీచరు చెప్పింది. తక్కువ తిరిగిన బండి, షెడ్డులో నీడన ఉన్న బండి. ఆదివారం వెళ్ళి చూసి వద్దామని అత్తతో అన్నాను. సరే అంది.

ఆ ఆదివారం రాకముందే ఇంకో కబురు వచ్చింది. రాజేంద్ర ఆ నల్ల కారు అమ్మేస్తున్నాడట. రొయ్యలకి రోగం తగిలి వరసగా పంటలు పోయాయి. మేతలవాళ్ళు అప్పు మీద మేత ఇవ్వడం మానేశారు. మళ్ళీ చెరువుల్లో రొయ్యపిల్ల వెయ్యాలంటే చేతిలో డబ్బు కావాలి. పాతబడిన కారే కాబట్టి, ధర మేం అనుకున్నదానికి మరీ దూరంగా లేదు.

అత్త ఈ మాట విన్నప్పుడు బుట్టలో ఐసు వేస్తోంది. చెయ్యి ఆగిపోయింది.

"ఆ కారు నాను కొంతాను," అంది.

నేను ఆవిడకి అన్నీ చెప్పాను. డీజిల్ ఎక్కువ తాగుతుంది. టైర్లు ఖరీదు. ఏ చిన్న రిపేరు వచ్చినా మన చేతికి అందదు. అన్నిటికంటే ముఖ్యం, అది ఎత్తు బండి, మామ కాలెత్తి ఎక్కలేడు.

ఆవిడ అంతా విని, "నీకు కారు కావాల పిల్లా. నాకు ఆ కారే కావాల," అంది.

"తెచ్చుకుని ఏటి సేత్తావు అత్తా?"

"ఆ సీట్ల మీద ఎండుసేపల గోతాలు ఏత్తాను. గోతాలు ఏసుకుని ఆడి గేటు ముందల్నుంచి తోల్తాను. వాసన పోతాదో పోదో ఆడే సూత్తాడు."

మామ మంచం మీంచి, "మంగీ, పోనీ, ఒగ్గీయే," అన్నాడు. ఆవిడ విననట్టే ఐసు పరిచింది.

మర్నాడు నన్ను తోడు తీసుకుని ఆ గేటు దగ్గరికి వెళ్ళింది. అన్నేళ్ళ తరువాత అదే మొదటిసారి. రాజేంద్ర మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. "రా వొదినా, కూకో," అన్నాడు. అత్త కూర్చోలేదు. గేటు లోపలికి కూడా అడుగు పెట్టలేదు.

"బండి అమ్ముతున్నావంట. నాను తీసుకుంతాను. నువ్వు అడిగిన రేటే ఇత్తాను. వచ్చీ వారం డబ్బులు నీ సేతిలో పెడతాను," అంది.

రాజేంద్ర ముఖంలో నమ్మకమూ, నమ్మలేకపోవడమూ రెండూ కనిపించాయి. ఇచ్ఛాపురం నుంచి ఒకాయన ఆ ముందురోజే బండి చూసి, డబ్బు చేతిలో పట్టుకుని వస్తానన్నాడట. అత్త బేరం ఆడకపోవడంతో, పైగా ఇంటి మనిషి కదా అనుకుని, రాజేంద్ర ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. మా ముందే చెప్పాడు. అదే అతను చేసిన పొరపాటు అని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అత్త అప్పటికి నిజంగానే కొనాలనుకుంది. నేను ఈ మాట ప్రమాణం చేసి చెప్పగలను. తన బంగారం గొలుసు కుదువ పెట్టడానికి కూడా తీసి పక్కన పెట్టుకుంది.

డబ్బు ఇచ్చేముందు బండి నడిపి చూస్తానని అత్త అంది. మామని కూడా తీసుకెళ్దామంది. మామ వద్దన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపింది.

నేను భయపడినట్టే ఆయన ఆ కారు ఎక్కలేకపోయాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, తలుపు పట్టుకుని, రెండో కాలు లేవక అలా ఉండిపోయాడు. చివరికి రాజేంద్రే వెనకనుంచి నడుం పట్టుకుని అన్నని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చాలా మెల్లగా, తలకి పైన తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టాడు. అత్త స్టీరింగు దగ్గరనుంచి అదంతా చూసింది. రాజేంద్రా నేనూ వెనక ఎక్కాం.

కవిటి దాటాం. అత్త పెద్ద బండిని కూడా చక్కగా నడిపింది. కొబ్బరితోటల మధ్య నుంచి హైవే వైపు తిప్పినప్పుడు నాకు అర్థమైంది ఎక్కడికి పోతున్నామో. రాజేంద్రకీ అర్థమైనట్టుంది. కిటికీ వైపు తిరిగాడు.

జలంత్రకోట దగ్గర హైవే ఎక్కే చోట ఆవిడ రోడ్డు పక్కకి ఆపి ఇంజన్ కట్టేసింది. లారీలు పోతుంటే బండి ఊగుతోంది.

"రాజేంద్రా, ఈ సోటు గుర్తున్నాదా?" అంది, అద్దంలో అతన్ని చూస్తూ.

అతను కిటికీ అద్దం దించుకున్నాడు.

"మీ అన్న ఇక్కడే కక్కుకున్నాడు. నాను ఇక్కడే అట్టుకున్నాను. నువ్వు ఇదే బండిలో, ఇలగే, మమ్మల్ని సూత్తా పోనావు. ఇయాల మీ అన్నకి సెప్తన్నాను. ఆయనకి తెలీదు. ఇన్నాల్లూ సెప్పనేదు నాను, మనసు ఇరిగిపోతాడని."

అప్పుడు మామ ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేశాడు. "నాకు తెలుసే," అన్నాడు.

అత్త ఆయన వైపు తిరిగింది.

"ఆడే సెప్పినాడు. డయాలసిస్ మొదలెట్టిన ఏడే. నువ్వు సంతకి పోనప్పుడు ఒచ్చి, నా కాల్లు అట్టుకుని ఏడిసినాడు. తప్పయిపోనాది అన్నా అన్నాడు. తమ్ముడు గదే. పోనీలేరా అన్నాను. అది ఎప్పుడో అయిపోనాది."

"నాకేల సెప్పనేదు?"

"సెప్తే నువ్వు మల్లీ మొదలెడతావని."

నేను అత్త ముఖం చూడలేకపోయాను. ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి రోడ్డు వైపు చూస్తోంది. గొంతు మామూలుగానే ఉంది.

"ఆ పొద్దు నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు. గేటుకాడ నిలబడ్డది ఎవులు? సేతులు జోడించినది ఎవులు? ఊరంతా సూసినది ఎవుల్ని? నీకాడికి ఒచ్చి ఏడిసినాడు, నువ్వు మాపీ సేసీసినావు. అన్నదమ్ములు బాగున్నారు. మరి నానేటి? ఇన్నేళ్ళూ పిచ్చిదాన్లాగ ఆ గేటు ముందు కూత ఏసుకుంటూ తిరిగినాను. మీ ఇద్దరూ లోపల లోపల నవ్వుకున్నారా?"

"నవ్వనేదే," అన్నాడు మామ. "ఆ కూత ఇన్నప్పుడల్లా సిగ్గేసీది."

"నాకు సెప్పుంటే నీకు సిగ్గేసీది కాదు," అని ఆవిడ బండి తిప్పింది.

తిరుగుదారిలో రాజేంద్ర ఒకసారి, "వొదినా," అన్నాడు. "ఇప్పుడు కాదు," అంది అత్త.

ఊళ్ళోకి వచ్చి అతని గేటు ముందే ఆపింది. సాయంకాలం. కుళాయి దగ్గర బిందెలు ఉన్నాయి, అరుగు మీద వలలు ఉన్నాయి. అత్త దిగి గేటుకి ఇవతల నిలబడింది. రాజేంద్ర దిగాక అతన్ని గేటుకి అవతల నిలబడమంది. అతను వెళ్ళి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఇప్పటికీ నాకు తెలీదు. కారు డబ్బు కోసమే అనుకోవచ్చు, కానీ అదొక్కటే కాదనుకుంటాను.

"మీ అన్నకి సెప్పినావు. ఇప్పుడు నాకు సెప్పు," అంది అత్త.

"లోపలికి రా వొదినా. కూకుని మాట్టాడుదుం."

"ఆ పొద్దు నన్ను లోపలికి రమ్మన్నావా?"

అతను కుళాయి వైపు చూశాడు. వల అల్లేవాళ్ళు చేతులు ఆపారు. హేమలత మెట్ల మీదకి వచ్చింది.

"తప్పయిపోనాది వొదినా," అన్నాడు, నేల వైపు చూస్తూ.

"ఏటి తప్పయిపోనాది? ఇనపడనేదు."

కోపంతో లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తలెత్తి, అందరికీ వినపడేలా చెప్పాడు. "అన్న పేనం పోతన్నాదని నువ్వు ఒచ్చి అడిగితే బండి తియ్యనేదు. సీట్లు పాడైపోతాయన్నాను. దారిలో మిమ్మల్ని సూసి కూడా ఆపనేదు. తప్పు సేసినాను వొదినా."

అత్త ఆ మాటలన్నీ విన్నది. తొందరపడలేదు. దాహం వేసిన మనిషి మంచినీళ్ళు తాగినట్టు విన్నది. తరువాత చేతిలోని కారు తాళాన్ని గేటు కమ్మీల మధ్యనుంచి అతని చేతిలో పెట్టింది.

"నాకు ఈ కారు వొద్దు," అంది.

రాజేంద్రకి అర్థం కాలేదు. "అదేటి?"

"ఎత్తు ఎక్కువ. మీ అన్న ఎక్కనేడు. నువ్వే సూసినావు గదా."

"ఇచ్ఛాపురం పార్టీని పంపీసినాను వొదినా. నీ మాట మీద పంపీసినాను. ఆడు ఏరే బండి కొనీసుంటాడు. వారంలో పిల్ల ఏసుకోవాల నాను."

"ఆటో మాట్టాడుకో," అంది అత్త.

కుళాయి దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. హేమలత మెట్లు దిగి వచ్చింది. "అక్కా, మా పేనం తీసీసినావు," అంది ఏడుపు గొంతుతో.

అత్త ఆమె కళ్ళలోకి చూసింది. "పేనం మాట నా ముందు అనకు హేమా. ఆ పొద్దు నువ్వు తలుపెనకాల ఉన్నావు."

అంతే. మామని మెల్లగా దించుకుని, ఒక చెయ్యి ఆయనకి భుజం కింద వేసి ఇంటికి నడిపించుకొచ్చింది. నేను వెనకాల నడిచాను. రాజేంద్ర ముఖం చూస్తే జాలి వేసింది, అబద్ధం ఎందుకు. అత్తకి వెయ్యలేదు. ఆ సాయంత్రం కానాగంత చేపల పులుసు పెట్టుకుని, మళ్ళీ వడ్డించుకుని మరీ తిన్నది. పడుకున్న కాసేపటికే గురక వినిపించింది. నేను ఆ ఇంటికి వచ్చాక అత్త గురక వినడం అదే మొదటిసారి.

తరువాత ఏమైందంటే, ఇచ్ఛాపురం ఆయన నిజంగానే వేరే బండి కొనుక్కున్నాడు. రాజేంద్ర చివరికి పలాసలో ఒక బ్రోకరుకి, ఆ బ్రోకరు చెప్పిన తక్కువ ధరకి కారు ఇచ్చేశాడు. ఆ డబ్బు చాలక ఒక చెరువు సోంపేట వాళ్ళకి లీజుకి ఇచ్చాడు. ఇప్పుడు మోటారుసైకిల్ మీద తిరుగుతున్నాడు. అత్త చేసిన పని వల్లే అంతా పోయిందని హేమలత అంటుంది. రొయ్యలు ముందే పోయాయి కాబట్టి అది పూర్తిగా నిజం కాదు. పూర్తిగా అబద్ధమూ కాదు.

మా ఇంట్లో మామ అత్తతో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, మందు ఇస్తే వేసుకునేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. అత్త దాని గురించి నాతో ఒక్క మాట అనలేదు. స్కూలు సెలవు ఉన్న ఒక డయాలసిస్ రోజున నేను కూడా పలాస వెళ్ళాను. తెల్ల కారు అప్పటికి ఇంకా నడుస్తోంది, బ్రేకు మాత్రం బాగుచేయించాం. తిరిగి వచ్చేటప్పుడు, సోంపేట రోడ్డు దాటాక, మామ ఉన్నట్టుండి మాట్లాడాడు.

"నాను ఆడిని మాపీ సేసినది నా బాదకి. నువ్వు పడ్డ బాద ఏరేది. నాకు తట్టనేదు."

"నువ్వు అడగనేదు," అంది అత్త, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అడగనేదు."

"మరి నీకు నీళ్ళు కావాలా?"

డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఆవిడ బండి పక్కకి ఆపి, సీసా మూతలో కొంచెం పోసి ఇచ్చింది. ఆయన తాగాడు. ఆ రోజునుంచి మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు కూడా.

కోటబొమ్మాళి హెడ్మాస్టరు కారు అప్పటికి ఇంకా అమ్ముడుపోలేదు. వెళ్ళి చూశాం. బూడిద రంగు, పాతదే కానీ ఒంట్లో తుప్పు లేదు. కాగితాలకి ఇంకా చాలా గడువు ఉంది. తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, సీటు మరీ కిందికీ లేదు, పైకీ లేదు. మామ తనంతట తానే, ఎవరూ పట్టుకోకుండా కూర్చుని, కాళ్ళు లోపలికి పెట్టుకుని, "ఇది బాగుంది," అన్నాడు. అత్త బండి చుట్టూ తిరిగి, వంగి అడుగు రేకు చూసి, వేలితో గట్టిగా నొక్కి చూసింది. ఇంక బేరం మొదలెట్టింది. నేను అంత బేరం ఎప్పుడూ చూడలేదు. హెడ్మాస్టరుగారు చివరికి నీరసపడి కాఫీ ఇప్పించారు. గొలుసు కుదువ పెట్టనక్కరలేకుండానే పని అయిపోయింది. తెల్ల కారుని పలాసలో పాత ఇనుముకి ఇచ్చేశాం. దాన్ని తోసుకుపోతుంటే మామే కళ్ళు తుడుచుకున్నాడు. అత్త సీటు కింద పడిపోయిన చిల్లర ఏరుకుంటోంది.

రాజేంద్రతో ఆవిడ ఇప్పుడు అవసరానికి రెండు ముక్కలు మాట్లాడుతుంది. అతనింటికి చేపలు కూడా ఇస్తుంది, పైసా తగ్గించకుండా. కోపం పోయిందా అని నేను ఒకసారి అడగబోయి మానుకున్నాను. నాకెందుకో ఆ ప్రశ్న ఆవిడకి చిన్నతనంగా ఉంటుందనిపించింది.

వెరావల్‌లో బోటు ఒడ్డుకి వచ్చినప్పుడు కామేశ్ ఫోన్ చేశాడు. ఊళ్ళో వాళ్ళ ద్వారా అంతా తెలిసిపోయింది అతనికి. కొత్త బండి ఎలా ఉందని కూడా అడగలేదు. "అమ్మకి ఇయ్యి," అన్నాడు. నేను స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"సిన్నాన్నని ఊరందరి ముందూ నిలబెట్టి, కారు కొనకుండా నట్టం సేసినావంట. నిజమేనా అమ్మా?"

"సేసినాను," అంది అత్త. "నువ్వు అక్కడ ఏటి తింటన్నావో సెప్పు."